జీడి కింద నల్లమచ్చ

నల్లజీడి గింజల డబ్బా పెంటకుప్ప మీద బోర్లా పడి ఉంది. మూత ఒకచోట, డబ్బా ఒకచోట, గింజలు చెల్లాచెదరు.

విసిరింది అమృతమ్మ. నిన్న పగటేళ విసిరింది. అప్పటినుంచి ఆమె అత్త సోమమ్మ మెతుకు ముట్టలేదు. వాకిట్లో రోలు పక్కన, కొంగు నెత్తి మీదికి లాక్కుని కూర్చుంది. పిలిస్తే పలకదు. పలకకపోతే పోనీ, ఏడ్చినా ఇంట్లో వాళ్ళకు కాస్త ఊపిరాడేది. సోమమ్మ ఏడ్చే మనిషి కాదు.

కట్టంగూరులో ఎవరి కాలిలో తుమ్మముల్లు విరిగినా, ఎవరి అరికాలికి ఆనె కట్టినా ఆ గడప తొక్కాల్సిందే. జీడిగింజను సూదికి గుచ్చి, దీపం మీద పట్టి, చిటపటమంటూ కారే నూనెను దెబ్బ మీద చుక్కలా పెట్టేది సోమమ్మ. నల్లటి మచ్చ మిగిలేది, నొప్పి పోయేది. డబ్బు అడిగి ఎరగదు. పేరొక్కటే ఆమె సంపాదన. ఆ పేరునే కోడలు పెంటకుప్ప మీదికి విసిరింది.

ఊరికే విసరలేదు. కన్నకొడుకు మడమకు కట్టుతో మంచాన పడి ఉంటే, ఏమీ జరగనట్టు నిన్న పక్కింటి బిక్షమ్మ కాలికి జీడి పెట్టడానికి దీపం వెలిగించింది సోమమ్మ. అమృతమ్మకు కళ్ళు తిరిగినంత కోపం వచ్చింది.

"అత్తా, లేచి రెండు ముద్దలు తిను. నా మీది కోపం అన్నం మీదెందుకు?"

సోమమ్మ కొంగు ఇంకా కిందికి లాక్కుంది.

"జొన్నరొట్టె చేసిన. ఎల్లిగడ్డ కారం నూరిన. నీకిష్టమే గదా."

"నీ రొట్టె నువ్వే తిను," అంది సోమమ్మ చివరికి. "కొడుకు కాలు పాడు చేసినదానికి రొట్టెందుకు? గింత ఇసం పెట్టు."

"నేను గట్లన్ననా?"

"డబ్బా ఇసిరినంక ఇంక మాటతోటి ఏం పని?"

లోపల నులకమంచం కిర్రుమంది. సోమమ్మ కొడుకు గాలయ్య లేచి కూర్చున్నాడు.

"అత్తాకోడండ్ల పంచాయతి తెగెనా, లేకుంటే సర్పంచ్‌ను పిలవాల్నా?" అన్నాడు నవ్వుతూ.

ఆ నవ్వుకు ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

గాలయ్య మంచంలో ఇమిడే మనిషి కాదు. చిన్ననాటి నుంచి కల్లు గీయడానికి తాళ్ళు, ఆ పొడుగాటి తాటిచెట్లు, ఎక్కి తేరిన ఒళ్ళు. మోకు నడుముకు వేసుకుని, పాదాలు రెండూ కలిపే గుజి తగిలించుకుని, రెండు కాళ్ళూ ఒక్కటిగా ముడిచి చాచి పైకి పోతుంటే దారినపోయే బస్సులో జనం కిటికీల నుంచి మెడలు బయటికి పెట్టేవాళ్ళు. పెళ్ళైన కొత్తలో సద్ది తీసుకుని తాటివనానికి పోయిన అమృతమ్మ, తలెత్తి చూసి, మెడ నొప్పి పుట్టినా దించేది కాదు. వీడు నా మొగుడు అని ఎవరికో ఒకరికి చెప్పాలనిపించేది. ఇద్దరు పిల్లల తల్లి అయినా ఇప్పటికీ అనిపిస్తుంది.

అటువంటి కాలికి పట్నం పెద్ద దవాఖానలో చెడ్డ పేరు పెట్టారు. మడమ మీది నల్లమచ్చ నుంచి ముక్క తీసి చూసి, అది చర్మానికి వచ్చే క్యాన్సర్ అనీ, మెలనోమా అంటారనీ తాహేరా డాక్టరమ్మ చెప్పింది. మచ్చ ఎంత లోతుకు దిగితే గజ్జల్లోని బిళ్ళలకు పాకే భయం అంత ఎక్కువట. ఈ లోతుకు నలుగురిలో ఒకరికి పాకి ఉంటుందట. చేతికి తగలలేదని లేదనుకోవడానికి లేదట.

మడమ కోసి తొడ చర్మం అతికించడం ఎలాగూ తప్పదు. తేల్చుకోవాల్సింది గజ్జల సంగతి. ఇప్పుడే బిళ్ళలు తీసేస్తే కాలు బోదకాలులా ఉబ్బవచ్చు, తాడెక్కడం ఆ రోజుతో సరి. తీయకపోతే నెలనెలా వచ్చి చూపించుకోవాలి. బిళ్ళ తగిలిన రోజు తీయాలి. ఆ రోజుకే ఆలస్యమైపోతే ఇక చేసేదేమీ లేదు. ఏదో ఒకటి చెప్పండి అని డాక్టరమ్మ గడువు ఇచ్చింది. ఆ గడువు రేపే.

గాలయ్య తమ్ముడు దశరథం అప్పుడే వచ్చాడు. చేతిలో కల్లు లొట్టి, భుజాన మోకు.

"అన్నా, నీ వాటా చెట్లు గూడ నేనే గీసొచ్చిన. దవాఖాన పని అయ్యేదాక నువ్వు ఫికర్ చెయ్యకు. తర్వాత గూడ నేనే చూసుకుంట."

"తర్వాత అంటే?"

దశరథం వదిన వైపు చూశాడు. అమృతమ్మ తల దించుకుంది.

"ఓహో. ఆడిదాక వచ్చిండ్రా," అన్నాడు గాలయ్య. "నేను మంచం మీద ఉన్ననో లేదో, నా తాళ్ళు పంచుకున్నరు."

"అయ్యో అన్నా, నేను గట్లెందుకంట? కాలు ముఖ్యమా, చెట్లు ముఖ్యమా?"

"రెండు ఒక్కటే రా. నీకు తెలవదా? లొట్టి కిందికి దింపినంక దాన్ల ఏమున్నదో తాగెటోడే చెప్తడు. నువ్వు గీసిన కల్లు పులుపెక్కుతాంది."

దశరథం లొట్టి నేల మీద పెట్టి వెళ్ళిపోయాడు. అన్న నోటి మాట వాడికి కొత్త కాదు, అయినా గుచ్చుకుంది. అమృతమ్మకు ఒళ్ళు మండింది.

"వాడేం పాపం చేసిండని గట్ల మాట్లాడ్తివి?"

"నువ్వే నేర్పినవు వానికి. నన్ను కిందికి దింపాలని ఇద్దరు ఒక్కటైండ్రు."

"అవును, దింపాలనే ఉన్నది నాకు. బతికుండి కింద కూసుంటే సాలు."

"డాక్టరమ్మ ఏమన్నది? నలుగురిలో ఒకనికి. అంటే ముగ్గురికి ఏం లేనట్టే గదా. తాడెక్కెటోనికి గంత ధీమా ఎవడిస్తడు? నేను ఎక్కినప్పుడల్లా నలుగురిలో ఒకని లెక్కనే ఎక్కుత."

"ఆ ముగ్గురితోని నాకేం పని? నా ఇంట్ల నలుగురు గాలయ్యలు ఉన్నరా?"

గాలయ్య తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి, అంత తొందరగా ఒప్పుకుంటాడా?

"బిళ్ళ వస్తే వస్త అన్న గదా. వచ్చిననాడు నేనే పోయి పండుకుంట, కొయ్యమంట. రాకముందే కాలు ఎందుకియ్యాలె?"

అమృతమ్మ లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. మంచం పట్టె మీద కూర్చుని గొంతు తగ్గించింది. ఇన్నాళ్ళుగా గొంతులో అడ్డం పడ్డ మాట ఇవాళ కక్కకపోతే రేపటికి పనికిరాదు.

"సరే, లెక్కనే మాట్లాడుకుందాం. గా లెక్క దేన్ని బట్టి కట్టింది డాక్టరమ్మ?"

"మచ్చ లోతును బట్టి."

"కట్టేముందు నిన్నేమడిగింది?"

గాలయ్య గోడ వైపు తిరిగాడు.

"దీన్ని ఎప్పుడన్న కాల్చిండ్రా, గీకిండ్రా అని అడిగింది. ఒక్కసారి జీడి పెట్టించిన అని చెప్పినవు. అయితే కొలత సరే అని రాసుకున్నది. ఒక్కసారేనా?"

గాలయ్య మడమ కట్టు అంచు సర్దుకున్నాడు.

"ముల్లు ఇరిగి ఆనె కట్టింది అనుకోని పెట్టిచ్చినవు. తగ్గలేదని మల్ల పెట్టిచ్చినవు. పాతమచ్చ జీడిదేనని ఇంకోసారి. ఆఖరుకు అది పెసరగింజంత లేచి నెత్తురు కారితే, అత్త బ్లేడుతోని పైపైన చెక్కేసి జీడి చుక్క పెట్టింది. నెత్తురు తుడ్వనీకె పాతగుడ్డ నేనే అందిచ్చిన. డాక్టరమ్మ ముందట నేను గూడ నోరు మూసుకున్న. ఏం మొగుడో, ఏం పెండ్లామో మనం."

"మూసుకుంటే మూసుకున్నవు. ఇప్పుడు గూడ మూసుకో."

"ఎందుకు?"

"ఎందుకంటే ఎట్ల?" గాలయ్య గొంతు మొదటిసారి తగ్గింది. "నాయిన తాడు మీదికెల్లి పడి పోయినంక అమ్మ మమ్ముల గా పేరు మీద సాదింది. ఎవ్వల ముందట చెయ్యి చాపలే. కన్నకొడుకు కాలే కరాబు చేసిందని ఊరు అంటే అమ్మ బతుకుతదా? ఇంటి గుట్టు లంకకు చేటు అన్నరు. నేను బయట పెట్ట."

"నీ గుట్టు కోసం లెక్కనే తప్పైతే?"

వాకిట్లో అడుగుల చప్పుడైంది. తలుపు తెరుచుకుంది.

సోమమ్మ గడప మీద నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో ఎవరికెరుక. కొంగు నెత్తి మీద నుంచి జారి భుజం మీద పడింది.

"పొద్దుగాల పట్నం బస్సు ఎన్ని గంటలకు?"

"నువ్వెందుకమ్మా?" అన్నాడు గాలయ్య.

"నా చెయ్యి చేసిన పని నేనే చెప్పుకుంట. నా తరఫున అబద్ధం ఆడమని నిన్నెవరు అడిగిండ్రు?"

"అమ్మా, ఊర్ల..."

"ఊరు సంగతి నాకొదిలెయ్. మంచి అయిననాడు నా చెయ్యే అని చెప్పుకున్న. చెడ్డ అయిననాడు నా చెయ్యి కాదంటనా? నా చెయ్యి దొంగ చెయ్యి గాదు."

గాలయ్య తల వంచుకున్నాడు. సోమమ్మ లోపలికి వచ్చి పీట వాల్చుకుని కూర్చుంది.

"అమృతా, రొట్టెలు ఉన్నయా?"

అమృతమ్మ రెండు రొట్టెలు వేసి, ఎల్లిగడ్డ కారం మీద నూనె పోసి ముందు పెట్టింది. ఈ ముసలామెతో పదేళ్ళు పొయ్యి పంచుకుంది, తిట్లు పంచుకుంది. ఈమె కోడలినని గొప్పగా అనిపించడం మాత్రం ఇదే మొదలు.

*

తెల్లవారి ఎర్రబస్సులో ముగ్గురూ ఒకే సీటులో ఇరుక్కుని కూర్చున్నారు. నార్కట్‌పల్లి దాటింది, చిట్యాల దాటింది. చౌటుప్పల్ దగ్గర రోడ్డు పక్క తాళ్ళ మీద ఎవరో కల్లు గీస్తున్నారు. గాలయ్య మెడ తిప్పి, అవి కనుమరుగయ్యేదాకా చూశాడు. అమృతమ్మ చూడనట్టే ఊరుకుంది.

దవాఖానలో తాహేరా డాక్టరమ్మ గదిలో ఫ్యాను గరగరమంటోంది. ఆమెకు నలభై ఏళ్ళుంటాయి. సన్నటి మనిషి, మాట నెమ్మది. కూర్చోమని స్టూలు చూపిస్తే సోమమ్మ కూర్చోలేదు.

"నిలబడే చెప్త బిడ్డా. నా కొడుకు నీకు అబద్ధం చెప్పిండు. ఒక్కసారి గాదు, నాలుగు మాట్ల జీడి పెట్టిన. ఆఖరు మాటు అది పైకి లేచింది. బ్లేడుతోని చెక్కిన. చెక్కింది నేను. వాడు నా పేరు దాసిపెట్టిండు. తిట్టేదుంటే నన్ను తిట్టు."

డాక్టరమ్మ తిట్టలేదు. కలం కింద పెట్టింది.

"చెక్కకముందు నెత్తురు దానంతట అదే వచ్చేదా, పెద్దమ్మా?"

"దానంతట అదే. ధోతికి మరకలు పడేవి."

"పైకి ఎంత లేచింది?"

"పెసరగింజంత. సగం పైన తీసేసిన."

"పెద్దమ్మా, ఒక మాట ముందే చెప్త. జీడి పెట్టినందుకు ఈ రోగం రాలేదు. అది ముందు నుంచే ఉంది. జీడి మచ్చ కింద మనకు కనపడకుండ దాగింది, అంతే."

"నా మనసు నిమ్మళం చెయ్యనీకె అంటున్నవా?"

"లేదు. నిమ్మళం చేసే మాట ఇంకోటి ఉంటే అదీ చెప్పేదాన్ని. లేదు." డాక్టరమ్మ గాలయ్య వైపు తిరిగింది. "బావి లోతు గట్టు మీద నిలబడి కొలుస్తరు గదా. గట్టు ఎవరో తీసేసినంక కొలిస్తే ఏమైతది?"

"తక్కువొస్తది," అంది సోమమ్మ, కొడుకు కంటే ముందే.

"నా కొలత గట్లనే అయింది. అసలు లోతు ఎంతో ఇప్పుడు దేవునికే తెలుసు. పైగా పుండు పడి నెత్తురు కారిందంటున్నరు, అది ఇంకో చెడ్డ గుర్తు. నలుగురిలో ఒకరు అన్న గదా, ఆ మాట వాపస్ తీసుకుంటున్న. ఇప్పుడు నా అంచనా ఇద్దరిలో ఒకరు. అంచనా మాత్రమే. ఇంకా ఎక్కువ ఉండొచ్చు."

అమృతమ్మ మొగుడికి దగ్గరగా జరిగింది.

"ఇద్దరిలో ఒకడన్నా, ఇంకొకనికి ఏం లేనట్టే గదా," అన్నాడు గాలయ్య. నిన్నటి ధీమా ఆ గొంతులో లేదు.

"బెంచీ మీద పడుకో. గజ్జలు మళ్ళొకసారి చూస్త."

"పోయినసారి చూస్తివి గదా డాక్టరమ్మా."

"మళ్ళ చూస్త."

"ఏమున్నది చూడనీకె? జవాబు చెప్పి పోనీకె వచ్చిన."

అమృతమ్మ ఆయన ముఖంలోకి చూసింది. పదేళ్ళ కాపురంలో గాలయ్య భయపడగా ఆమె చూడలేదు. ఇప్పుడు చూసింది.

"పండుకో," అంది. అంతే అంది.

ఆయన పడుకున్నాడు. డాక్టరమ్మ వేళ్ళు గజ్జ వెంట నెమ్మదిగా కదిలాయి. ఒకచోట ఆగాయి. వెనక్కి వచ్చి మళ్ళీ అక్కడే ఆగాయి.

"ఇది ఎప్పటినుంచి?"

గాలయ్య పైకప్పు వంక చూస్తున్నాడు.

"పోయిన అంగడి నాటి నుంచి," అన్నాడు చివరికి. "చింతగింజంత ఉన్నది."

అమృతమ్మ బెంచీ దగ్గరికి వచ్చింది. బిళ్ళ వస్తే వస్తా, వచ్చిననాడు నేనే పోయి పండుకుంటా అని నిన్న తన కళ్ళలోకి చూసి చెప్పిన మనిషి. అప్పటికే ఆ బిళ్ళ ఆయన చేతికింద ఉంది.

"నిన్న నా మొకం మీద ఎట్ల చెప్పినవు ఆ మాట?"

"కాలు ఇయ్యబుద్ధి కాలే అమృతా." ఆయన ఆమె వైపు తిరగలేదు. "తాడు దిగినంక నేను ఎవన్ని?"

ఆమెకు కొట్టాలనిపించింది, కావలించుకోవాలనిపించింది. రెండూ చేయకుండా బెంచీ అంచు పట్టుకుని నిలబడింది.

"చెప్పుల్లేని కాళ్ళకు బిళ్ళలు మామూలే," అంది డాక్టరమ్మ. "నేను ముక్క కోసిన పుండు వల్ల గూడ కట్టి ఉండొచ్చు. పాకినదో, పుండుదో చేత్తో చెప్పలేను. సన్నసూది పెట్టి కొంచెం లాగి చూడాలె. ఇప్పుడే."

గాలయ్య లేచి కాళ్ళు కిందికి వేశాడు.

"ఇయ్యాల వద్దు. ఇంకో మాటు వస్త."

ఎవరూ అడ్డు రాలేదు. ఆయనకు అడ్డుపడటం ఎవరి తరం? కట్టు ఉన్న కాలు నేలకు ఆనించి, గోడ పట్టుకుని తలుపు వైపు కదిలాడు. తలుపు దగ్గర సోమమ్మ ఉంది.

"గాలయ్యా."

"జరగమ్మా."

"జీడి కాలినప్పుడు పెద్ద పెద్దోళ్ళు కాలు గుంజుకుంటరు. పక్కకు ఇద్దరు పట్టుకోవాలె. నువ్వు చిన్నప్పుడు సుత ఒక్కసారి గుంజుకోలేదు. నా చెయ్యి మీద గంత నమ్మకం నీకు. నా చేతికి తెలవనిది తెలిసిన చెయ్యి గీ డాక్టరమ్మది. గా నమ్మకం ఇప్పుడు గీ బిడ్డకు ఇయ్యి."

ముప్పై ఏళ్ళు ఏ చేతినీ తన చేతికంటే గొప్పదని ఒప్పుకోని మనిషి. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మెడ వంగలేదు. మెడ నిలువుగా పెట్టుకుని, డాక్టరమ్మను కొడుకుకు చూపించింది.

గాలయ్య తిరిగి వచ్చి బెంచీ మీద పడుకుని కాలు చాపాడు.

డాక్టరమ్మ దూదితో గజ్జ తుడిచింది. సూది దిగింది. గాలయ్య కదలలేదు. లాగిన చుక్కను గాజుపలక మీద పరిచి, ఆరడానికి కిటికీ దగ్గర పెట్టింది.

"సాయంత్రానికి చెప్త. అదే అని తేలితే ఇయ్యాల్నే చేర్చుకుంట, ఇంక ఆలోచన లేదు."

"తేలకుంటే?" అన్నాడు గాలయ్య.

"తేలకున్నా ఇద్దరిలో ఒకరు అన్న లెక్క పోదు. సూది తప్పిపోయిన చోట ఉండొచ్చు. అప్పుడు తీయాల్నా, ఆగాల్నా అని మీరే చెప్పాలె. సాయంత్రం అడుగుతే ఆలోచించనీకె టైం ఉండదు, ఆపరేషన్ బల్ల రేపటికే ఖాళీ ఉంది. ఇప్పుడే చెప్పుండ్రి."

గాలయ్య మోచేతుల మీద లేచాడు. తల్లిని చూశాడు. సోమమ్మ తల అడ్డంగా ఊపింది. తాను చెప్పాల్సింది చెప్పేసింది.

"నేను చెప్తే నా కాలే చెప్పినట్టైతది," అన్నాడు గాలయ్య. "రెండు మాట్లు అబద్ధమాడిన. నా మాట పక్కన పెట్టు డాక్టరమ్మా. అమృత ఏదంటే గది."

డాక్టరమ్మ కలం తీసుకుని అమృతమ్మ వైపు చూసింది.

దింపాలి, దింపాలి అని నిన్నటిదాకా గొంతు చించుకున్నది తానే. ఇప్పుడు ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటతో ఆయన ఇక ఏనాడూ తాడెక్కడు, తాను తలెత్తి చూడదు. ఆయన ఆమె వంకే చూస్తున్నాడు. కోపం లేదు, బతిమాలడం లేదు.

అమృతమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. డాక్టరమ్మ దగ్గరికి ఒక అడుగు వేసి, చెప్పడానికి నోరు తెరిచింది.